బాలింత ఇంటికి వెళ్లి ఏమి అడుగవలెను?
(నూతన తలిదండ్రుల అవసరములను కనుగొను గృహ సందర్శన సేవల చరిత్ర)

బిడ్డ పుట్టిన ఇంటికి నలుగురు వచ్చిపోవుట మనకు క్రొత్త సంగతి కాదు. పురుడు పోసిన మంత్రసాని కొన్ని దినములపాటు వచ్చి తల్లికి, బిడ్డకు నీళ్లు పోసి వెళ్లెడిది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి పథ్యము విషయమై తలకొక సలహా చెప్పెడివారు. అయితే ఒక సంఘముగాని, మునిసిపాలిటీగాని, ప్రభుత్వముగాని ఒక మనిషికి తర్ఫీదును, జీతమును ఇచ్చి అట్టి ఇంటికి పంపి, “ఈ క్రొత్త తలిదండ్రులకు కావలసినదేమి?” అని విచారింపజేయు పద్ధతి మాత్రము అంత ప్రాచీనమైనది కాదు. దాని వయస్సు సుమారు 160 సంవత్సరములు.

ఇండ్లు దర్శించుట మన సంఘ పరిచర్యలో మొదటినుండియు ఉన్నదే. గనుక ఈ చరిత్ర మన స్మారక సంచికలో చోటు పొందుట సమంజసమని తలంచుచున్నాను. దర్శించుట వేరు, అవసరమెరుగుట వేరు. వెళ్లినవారు ఇల్లు తనిఖీ చేయుటకు వెళ్లిరా, లేక ఆ ఇంటివారి మాట వినుటకు వెళ్లిరా? ఈ ఒక్క ప్రశ్న ఈ చరిత్ర పొడవునా మరల మరల ఎదురగుచున్నది. దీనికి ఆయా కాలములవారు ఆచరణలో ఇచ్చిన జవాబునుబట్టియే వారి సేవ ఫలించుటయో, విఫలమగుటయో జరిగినది.

ఇంగ్లండులో ఆరంభము

1857లో లండను నగరపు పేదవాడలలో శ్రీమతి ఎల్లెన్ రాన్యార్డ్ అను ఆమె ఒక క్రొత్త పని ప్రారంభించెను. ధనికుల ఇండ్ల దొరసానులు పేదల గుమ్మము త్రొక్కినప్పుడు ఇంటివారు నోరు విప్పుట లేదని గ్రహించి, ఆ పేదవాడలలోనే పుట్టి పెరిగిన స్త్రీలను ఎన్నుకొని, జీతమిచ్చి, ఇంటింటికి పంపెను. వీరే తొలి “బైబిలు స్త్రీలు”. వారు గ్రంథములు అమ్ముటతోపాటు వంట, కుట్టు, శుభ్రత విషయములలో తల్లులకు తోడ్పడిరి. 1868 నుండి వారిలో కొందరికి నర్సు పనియందు శిక్షణ కూడ ఇయ్యబడినది. పిమ్మట మన తెలుగు ప్రాంతములోని మిషనులలోను బైబిలు స్త్రీలు పనిచేసిన సంగతి మన పెద్దలు ఎరిగినదే.

1862లో మాంచెస్టరు, సాల్‌ఫోర్డు పట్టణముల స్త్రీలు ఒక ఆరోగ్య సంస్కరణ సంఘము స్థాపించిరి. వీరును శ్రామిక కుటుంబములలోని గౌరవనీయులైన స్త్రీలనే నియమించి వీధి వీధికి పంపిరి. శిశువును కడుగుట, పాలిచ్చుట, గదిలోనికి గాలి వచ్చునట్లు చేయుట వీరు నేర్పిన విషయములు. 1890లో మాంచెస్టరు నగరపాలక సంస్థ వీరిలో ఆరుగురి జీతములను తానే భరించుటకు అంగీకరించినది. నేడు బ్రిటనులో “హెల్తు విజిటరు” అని పిలువబడు ఉద్యోగమునకు మూలము ఇదియేనని చరిత్రకారులు చెప్పుదురు.

హడ్డర్స్‌ఫీల్డు మేయరు బహుమతి

ఆ కాలమున ఇంగ్లండు మిల్లు పట్టణములలో శిశు మరణములు విపరీతముగా ఉండెను. హడ్డర్స్‌ఫీల్డు పట్టణమునకు 1904లో మేయరైన బెంజమిన్ బ్రాడ్‌బెంట్ గారు, తాను మేయరుగా ఉన్న కాలములో లాంగ్‌వుడ్ అను పేటలో పుట్టిన ప్రతి శిశువునకు మొదటి పుట్టినరోజు వరకు జీవించినయెడల ఒక పౌను బహుమతి ఇత్తునని ప్రకటించెను. బహుమతితోపాటు పాలు పట్టు పద్ధతినిగూర్చిన సలహాలు, స్త్రీల సందర్శనములు కూడ ఏర్పాటు చేయబడెను. ఆ పేటలో శిశు మరణములు బాగుగా తగ్గెను.

అయితే సందర్శకురాలు వెళ్లవలెనన్న ఏ ఇంట బిడ్డ పుట్టెనో ముందు తెలియవలెను గదా! జనన రిజిస్ట్రేషనుకు ఆ దినములలో ఆరు వారముల గడువు ఉండెను. అప్పటికే ఎందరో శిశువులు మరణించుచుండిరి. అందుచేత హడ్డర్స్‌ఫీల్డు పట్టణము 1906లో పార్లమెంటుచే ప్రత్యేక చట్టము చేయించుకొని, జననము జరిగిన 48 గంటలలో ఆరోగ్యాధికారికి తెలుపవలెనని నియమము పెట్టినది. 1907లో వచ్చిన జనన ప్రకటన చట్టము ఇతర పట్టణములును కోరినచో ఈ పద్ధతి అవలంబించుటకు అవకాశమిచ్చినది. 1915లో ఇది దేశమంతటికి తప్పనిసరి అయినది. చివరకు 1948లో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైనప్పుడు, బీద గొప్ప భేదము లేక పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంటికిని హెల్తు విజిటరును పంపుట స్థానిక సంస్థల విధి అయినది.

ఈ చివరి సంగతి గమనింపదగినది. పేదలకు మాత్రమే వచ్చు సందర్శకురాలు వీధిలో కనబడిన వెంటనే ఇరుగుపొరుగువారు గుసగుసలాడుదురు. అందరి ఇండ్లకు వచ్చునపుడు ఆ రాక ఎవరికిని అవమానము కాదు.

లాంబెత్ తల్లులు నేర్పిన పాఠము

ఈ చరిత్రలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచిన అధ్యాయము 1909 నుండి 1913 వరకు లండనులోని లాంబెత్ పేటలో జరిగినది. ఫేబియన్ స్త్రీల సంఘమువారు ఆ పేటలోని కార్మిక కుటుంబములలో ప్రసవమునకు సిద్ధముగా ఉన్న తల్లులను ఎన్నుకొని, కాన్పుకు ముందునుండి బిడ్డకు సంవత్సరము నిండువరకు పోషకాహారము నిమిత్తము వారమునకు 5 షిల్లింగులు ఇచ్చుచు, వారము వారము వెళ్లి చూచుచుండిరి. తల్లులు ఇంటి ఖర్చు లెక్కలు వ్రాసి చూపవలసి యుండెను. ఈ పరిశీలనను శ్రీమతి మాడ్ పెంబర్ రీవ్స్ 1913లో గ్రంథముగా ప్రచురించెను.

ఆ దినములలో విద్యావంతులు సాధారణముగా చెప్పు మాట యేమనగా, పేద తల్లుల అజ్ఞానమువలననే శిశువులు చనిపోవుచున్నారు అని. సందర్శకులు లెక్కలు చూచిన కొలది ఈ అభిప్రాయము నిలువలేదు. వారమునకు సుమారు ఒక పౌను ఆదాయముతో అద్దె, బొగ్గు, బీమా చందాలు పోను మిగిలిన పెన్నీలతో ఆ తల్లులు చేసిన సంసారము ఏ విద్యావంతురాలికిని సాధ్యము కానిది.

ఒక్క ఉదాహరణము చాలును. గంజివంటి ఓటుజావ బిడ్డలకు బలమని, చవక అని సందర్శకులు బోధించిరి. తల్లులు చేసి చూచి తమ ఇబ్బందులు చెప్పిరి. ఇంటిలో ఉన్న ఒక్క గిన్నెలోనే చేపలు, కూర, జావ అన్నియు వండవలెను. జావకు ఆ వాసన పట్టును. కలుపుటకు పాలు, చక్కెర లేవు. దగ్గర నిలిచి కలుపుటకు తీరిక లేనందున అడుగంటును. భర్త, పిల్లలు నోట పెట్టరు. అనగా ఆ తల్లికి లేనిది జావనుగూర్చిన జ్ఞానము కాదు. రెండవ గిన్నె, పాలు, తీరిక. సందర్శకులు పాఠము చెప్పి వెళ్లిపోయినయెడల ఈ సంగతి ఎన్నటికిని బయటపడదు. మరుసటి వారము తిరిగి వచ్చి, “ఎందుకు చేయలేదు?” అని నిందింపక, “ఏమి అడ్డు వచ్చినది?” అని అడిగిరి గనుకనే బయటపడినది.

మార్కుల పట్టిక వచ్చుట

ఇక అమెరికా దేశమునకు వత్తము. కొలరాడో రాష్ట్రములోని డెన్వరు నగరములో శిశు వైద్యుడైన డాక్టరు హెన్రీ కెంపె గారు తన సహచరులతో కలిసి 1962లో, తలిదండ్రులచే దెబ్బలు తిని ఆసుపత్రికి వచ్చుచున్న శిశువులనుగూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. దేశమంతయు ఉలికిపడెను. దెబ్బ తగిలిన పిమ్మట వైద్యము చేయుటకంటె ముందుగానే ఆ కుటుంబమునకు సహాయము చేయరాదా అని ఆయన ఆలోచించి, బ్రిటను దేశపు పద్ధతిని అనుసరించి ప్రతి కుటుంబమునకు ఒక ఆరోగ్య సందర్శకురాలు ఉండవలెనని 1976లో వాదించెను.

ఆయన బృందము కాన్పు గదిలోనే తల్లులను గమనించినది. బిడ్డను మొదట చూచినప్పుడు తల్లి యేమనెను, ఎట్లు చూచెను, చేతిలోనికి ఎట్లు తీసికొనెను అని వ్రాసికొనిరి. కష్టములు కలుగవచ్చునని తోచిన 100 మందిని రెండు భాగములు చేసి, 50 మందికి ప్రత్యేక సహాయము అందించిరి. తక్కిన 50 మందికి మామూలు సేవలు మాత్రమే. మామూలు సేవల గుంపులో అయిదుగురు శిశువులు తీవ్రమైన గాయములతో ఆసుపత్రి పాలైరి. సహాయము పొందిన గుంపులో ఒక్కరును లేరు. 1979లో ప్రకటింపబడిన ఈ ఫలితము ఎందరికో ఆశ కలిగించినది.

డెన్వరులోనే “కుటుంబ ఒత్తిడి చెక్‌లిస్టు” అను పట్టికయు తయారైనది. అందులో 10 అంశములు కలవు. తల్లిగాని తండ్రిగాని బాల్యములో దెబ్బలు తినిరా, ఒంటరితనము లేక దిగులు ఉన్నదా, కష్టములు ఒకదానిపై ఒకటి వచ్చి పడినవా, బిడ్డ కోరుకొన్న బిడ్డయేనా మొదలైనవి. ఒక్కొక్క దానికి 0, 5, 10 చొప్పున మార్కులు. హవాయి దీవులలో 1985లో ప్రారంభమైన “హెల్దీ స్టార్టు” పథకము ఈ పట్టికను వాడుకొన్నది. ఉద్యోగులు ప్రసూతి ఆసుపత్రులలో రికార్డులు చూచి, తల్లులతో మాటలాడి, 25 గాని అంతకెక్కువ గాని మార్కులు వచ్చిన కుటుంబములకు గృహ సందర్శనము అందింతుమని చెప్పెడివారు. 1992లో ఈ నమూనాతో “హెల్దీ ఫామిలీస్ అమెరికా” అను సంస్థ దేశమంతటికి ప్రాకినది.

మార్కుల పట్టికలో ఒక చిక్కు కలదు. ఉదాహరణకు, 1000 కుటుంబములలో నిజముగా ప్రమాదము రాబోవునవి 20 అనుకొందము. మన పట్టిక నూటికి 80 పాళ్లు సరిగా చెప్పుననుకొందము. అప్పుడు ఆ 20లో 16 దొరకును. మిగిలిన 980లో 196 కుటుంబములను కూడ అది పొరపాటుగా ప్రమాదకరమని వ్రాయును. మొత్తము 212 ఇండ్లపై ముద్ర పడగా, అందులో 16 మాత్రమే నిజము. సహాయము నిమిత్తమైతే ఈ లెక్క వలన నష్టము లేదు. 196 కుటుంబములకు అదనముగా ఒక స్నేహితురాలు దొరకును. నేరము వెదకుటకైతే 196 ఇండ్లకు అన్యాయము జరుగును. పట్టిక ఒక్కటే. ఉద్దేశమునుబట్టి అది మందగును, విషమగును.

హవాయి పథకమును పరిశోధకులు 643 కుటుంబములపై పరీక్షించిరి. 2004లో వెలువడిన ఫలితములు నిరాశ కలిగించెను. శిశు హింసను ఆపుటలో పథకమునకు చెప్పుకొనదగిన ఫలితము కనబడలేదు. కారణమేమి? గృహ హింస, మాదక ద్రవ్యములు, తల్లి మానసిక వ్యాధి మొదలగు సమస్యలున్న ఇండ్లకు కూడ సందర్శకులు వెళ్లివచ్చుచునే, అనేక పర్యాయములు వాటిని గుర్తింపలేదు. గుర్తించినను తగిన సహాయమునకు అరుదుగానే పంపిరి. ఆసుపత్రిలో ఒకమారు మార్కులు వేసి మూసివేసిన కాగితము ఇంటిలో జరుగు సంగతులను చూడజాలదు.

తలుపు అందరికి తెరిచిన ఎల్మిరా

న్యూయార్కు రాష్ట్రములోని ఎల్మిరా పట్టణములో డేవిడ్ ఓల్డ్స్ గారు 1978 ప్రాంతమున వేరొక మార్గము త్రొక్కెను. మొదటి కాన్పు కాబోవు 400 మంది స్త్రీలను చేర్చుకొనిరి. చిన్న వయస్సువారికి, భర్త తోడు లేనివారికి, బీదలకు ప్రాముఖ్యమిచ్చినను, మొదటి బిడ్డను మోయుచున్న ఏ స్త్రీ వచ్చినను చేర్చుకొనిరి. “ఇది చెడ్డ తల్లుల పథకము” అను పేరు రాకుండుటకే ఈ ఏర్పాటు. శిక్షణ పొందిన నర్సులు గర్భము ధరించినప్పటినుండి బిడ్డకు రెండేండ్లు వచ్చువరకు అదే ఇంటికి వెళ్లిరి. 15 సంవత్సరముల తరువాత, 1997లో లెక్క చూడగా ఆ ఇండ్లలో శిశు హింస, నిర్లక్ష్యములకు సంబంధించిన నిర్ధారిత ఫిర్యాదులు ఇతరులలోకంటె దాదాపు సగము మాత్రమే ఉండెను. అయితే భార్యపై హింస అధికముగా ఉన్న ఇండ్లలో ఈ మేలు కనబడలేదు. అడుగుటకు కష్టమైన ప్రశ్నను అడుగక దాటవేసినచో ఎంత నష్టమో దీనివలన తెలియుచున్నది.

వినుటయే మందైన విధము

1987లో స్కాట్లండులోని ఎడింబరో నగరమునుండి జాన్ కాక్స్ గారు, ఆయన సహచరులు బాలింతల మనోవ్యాకులతను కనుగొనుటకు 10 ప్రశ్నల పట్టిక ప్రకటించిరి. నవ్వగలుగుచున్నారా, నిష్కారణముగా మిమ్ములను మీరే నిందించుకొనుచున్నారా, ఏడ్పు వచ్చుచున్నదా అనునట్టి ప్రశ్నలు. అయితే వారు ప్రశ్నలతో ఆగలేదు. కొద్దిపాటి శిక్షణ పొందిన హెల్తు విజిటర్లను అట్టి తల్లుల యొద్దకు వారమునకొకసారి చొప్పున ఎనిమిది వారములు పంపిరి. వారు చేసినది ముఖ్యముగా తీర్పు చెప్పక ఓపికగా వినుటయే. 1989లో ప్రకటించిన ఫలితము ప్రకారము వారు వెళ్లిన 26 మంది తల్లులలో 18 మంది కోలుకొనిరి. వారు వెళ్లని 24 మందిలో 9 మంది మాత్రమే కోలుకొనిరి.

మన దేశములో

మన దేశములో ఇంటిలోపలి స్త్రీల అవసరములను మొదట ఎరిగినవారిలో మిషను స్త్రీలు ఉండిరి. 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా కూగ్లర్ గారికి మొదట అప్పగింపబడినది జెనానా గృహముల పని, బడుల పని. వైద్యము చేయుటకు మిషను ఆమెను పంపలేదు. గోషాలోని స్త్రీల బాధలు కన్నులార చూచిన పిమ్మట ఆమె వైద్యసేవ పెంచుకొనగా, 1898లో గుంటూరులో ఆసుపత్రి వెలసినది. ఇంటిలో చూచిన అవసరము ఆసుపత్రికి పునాది యైనది.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చేసిన పని లోకప్రసిద్ధము. వారు చికిత్స మొదలుపెట్టుటకు ముందు 1995–96లో 39 గ్రామములలో 763 మంది నవజాత శిశువులను వారి ఇండ్లలోనే గమనింపజేసిరి. సగముకంటె ఎక్కువమందికి వైద్యము అవసరమైన స్థితి ఉండగా, వైద్యము అందినది నూటికి 2.6 మందికి మాత్రమే. అవసరము ఇట్లు తెలిసిన పిమ్మట గ్రామ స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఇండ్లకు పంపిరి. మూడవ సంవత్సరమునకు నవజాత శిశు మరణములు, ఇతర గ్రామములతో పోల్చగా, 62 శాతము తగ్గినట్లు 1999లో ప్రకటించిరి.

2005లో ఆశా కార్యకర్తలు వచ్చిరి. 2011 నుండి ఆసుపత్రిలో ప్రసవించిన తల్లి ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆశా వెళ్లవలెనని, ఇంటి కాన్పు అయినచో మొదటి దినమున కూడ వెళ్లవలెనని నియమము ఏర్పడినది. 2018 నుండి బిడ్డకు 3 నెలలు మొదలు 15 నెలల వరకు మరి అయిదు సందర్శనములు చేరినవి. ఇవి కులము, మతము, ఆదాయము అడుగక అందరికి ఉద్దేశింపబడినవి. ఇది గొప్ప మేలు. అయితే ఆమె నింపు పత్రములో బరువు, జ్వరము, పాలు త్రాగుట వంటి శరీర సంబంధమైన ప్రశ్నలే ఎక్కువ. గోవాలో 2002లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ప్రసవించిన 6–8 వారములకు నూటికి 23 మంది తల్లులలో మనోవ్యాకులత కనబడినది. పేదరికము, భర్త కొట్టుట, ఆడపిల్ల పుట్టుట దానికి తోడైన కారణములు. తూకపు కాటా ఈ దుఃఖమును తూచదు.

మన తెలుగు కుటుంబములకు మరియొక విశేషము కలదు. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వచ్చును. నెలలు గడిచిన పిమ్మట బిడ్డతో అత్తింటికి పోవును. పుట్టింటి ఊరిలో బిడ్డను చూచిన ఆశా వేరు, అత్తింటి ఊరి ఆశా వేరు. ఆ మార్పు సమయములోనే తల్లికి తోడు తగ్గును, చాకిరి పెరుగును. తండ్రి సంగతి చెప్పనక్కరలేదు; పుట్టింటికి వచ్చు సందర్శకురాలికి అతడు కనబడనే కనబడడు. అమెరికాలోని మన పిల్లల ఇండ్లలో పురిటికి వెళ్లిన అమ్మమ్మ వీసా గడువు ముగిసి తిరిగి వచ్చు దినమున అదే లోటు వేరు రూపమున కలుగుచున్నది. “ఇప్పుడు మీకు తోడు ఎవరున్నారు?” అను ప్రశ్నతోపాటు “వచ్చే నెల ఎవరుందురు?” అని కూడ మనవారిని అడుగవలెను.

చరిత్ర నేర్పునది

ఈ 160 సంవత్సరముల అనుభవమునుండి కొన్ని సంగతులు తేటపడుచున్నవి. సందర్శనము అందరికి ఉండవలెను. అందులో ఎక్కువ అవసరమున్నవారికి ఎక్కువసార్లు వెళ్లవలెను. ఎందుకు అడుగుచున్నారో, వ్రాసినది ఎవరు చదువుదురో తల్లికి ముందే చెప్పవలెను. లోపములతోపాటు ఆ ఇంటి బలములను కూడ అడుగవలెను. హెల్దీ ఫామిలీస్ అమెరికావారు సైతము ఇటీవలి సంవత్సరములలో తమ పాత పట్టికను విడిచి, కుటుంబపు కష్టములను, తట్టుకొను శక్తిని కలిపి సంభాషణ రూపములో తెలిసికొను పద్ధతికి వచ్చిరి. ఒకసారి అడిగి ఊరకుండరాదు. ఇల్లు మారును, పరిస్థితి మారును, నమ్మకము కుదిరిన పిమ్మట జవాబును మారును. అన్నిటికంటె ముఖ్యముగా, జవాబు విన్న పిమ్మట చేయదగిన సహాయము సిద్ధముగా ఉండవలెను. కొట్టు భర్తనుగూర్చి తల్లిచేత చెప్పించి, ఆమెను అక్కడనే విడిచి వచ్చుట మేలు కాదు.

మన సంఘములలోని స్త్రీల సమాజములవారు బాలింతలను చూడబోవుట ఆనవాయితీ. రాబోవు సంవత్సరములలో వెళ్లునప్పుడు సలహాలు కొంచెము తగ్గించి, “రాత్రులు నిద్ర పట్టుచున్నదా అమ్మా? ఇంటిలో పని ఎవరు చూచుచున్నారు? మేము ఏమి చేసిన నీకు సుళువగును?” అని అడిగి, జవాబు పూర్తియగువరకు కూర్చుందురుగాక. బిడ్డ తండ్రిని కూడ ఒక మాట పలుకరింతురుగాక. ఒకవేళ ఆమె అడుగునది ఒక పూట వంటయో, ఒక గంట నిద్రయో కావచ్చును. దానిని ఆనాడే చేసి పెట్టుట మన చేతనగును. అంతకు మించిన కష్టము చెప్పినయెడల ఆశాను, డాక్టరును, అవసరమైనచో చట్టపరమైన సహాయమును ఆమెతో కలిసి వెదకవలెను. మరుసటి వారము మరల వెళ్లవలెను.